ఎండాకాలంలో ఏటి నీటిని కొలుద్దాం



పాలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఉండేది నీరే. వేసవిలో పాలిచ్చే గేదెకు రోజుకు 60 లీటర్లకు పైనే తాగునీరు కావాలి. పచ్చిమేతకు పెట్టే తడులు వేరు. కనుక ఏటిలో నీరు ఎంత ఉందో తెలుసుకోవడం పైరు పెట్టిన రైతుకే కాదు, పాడి రైతుకూ అవసరమే.

మన చిట్టమూరు ప్రాంతానికి ఆధారమైన స్వర్ణముఖి పాకాల దగ్గరి కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వచ్చి, వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. ఇది జీవనది కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలే దీనికి ప్రాణం. 2015, 2021 నవంబరు నెలల్లో మన జిల్లాలు వరదలు చూశాయి. అయినా ఏటా సంక్రాంతి దాటాక ప్రవాహం తగ్గుతూ పోతుంది. నాయుడుపేట వద్ద కేంద్ర జల సంఘం వారు ఈ నది నీటిని కొలుస్తారు. మన రేవు దగ్గర మనమూ కొలుచుకోవచ్చు.

నీటి మట్టం ఒకటి, ప్రవాహం మరొకటి. మట్టానికి వంతెన స్తంభం వంటి కదలని చోట సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, వారానికొకసారి ఒకే వేళకు చూసి రాయాలి. ప్రవాహానికి తిన్నగా పారే పాయలో 10 మీటర్లు కొలిచి, ఒక బెండు ముక్కను వదిలి ఎన్ని సెకన్లకు చేరిందో చూడాలి. 40 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు పావు మీటరు. అడుగు నీరు నెమ్మదిగా కదులుతుంది కనుక దీనిని 0.85తో గుణించాలి. పాయ వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 25 సెంటీమీటర్లు అయితే సెకనుకు సుమారు 212 లీటర్లు పారుతున్నట్లు. వెడల్పు మారకుండా లోతు సగమై, వేగమూ సగమైతే మిగిలేది సగం కాదు, పావు వంతే! మట్టం ఒక్కటే చూసి ధైర్యపడితే మోసపోయేది ఇక్కడే. పైగా ఇసుక ఏరు ప్రతి వరదకూ అడుగు మార్చుకుంటుంది. అందుచేత ఏటా లోతులు కొత్తగా కొలవాలి.

పైపారుదల ఆగినంత మాత్రాన నీరు అయిపోయినట్లు కాదు. ఇసుకలో ఊట ఉంటుంది. అప్పుడు చెలమల్లో, బావుల్లో కొలవాలి. ఉదయం మోటారు వేయకముందే తాడుకు రాయి కట్టి దించి, గట్టు నుంచి నీటి వరకు ఎన్ని మీటర్లో రాయండి. సముద్రం దగ్గర కనుక అతిగా తోడితే ఉప్పునీరు లోనికి చొరబడుతుంది. నీటి రుచి మారితే తోడకం వెంటనే తగ్గించాలి.

ఈ అంకెలను పాలు పోసే వేళ అందరికీ కనబడేలా సంఘం బోర్డు మీద రాయించవలసిందిగా కార్యదర్శులకు మనవి. వరుసగా రెండు మూడు వారాలు నీరు వేగంగా తగ్గితే పచ్చిమేత విస్తీర్ణం కుదించండి, ఎండుగడ్డి ముందే సమకూర్చుకోండి, తాగునీటిని పశువులకు కేటాయించి ఉంచండి. తొట్టి ఎండిన తరువాత తీసుకునే జాగ్రత్త పాలను నిలపలేదు.