కంప్యూటరు సంఖ్యను ఎలా చదువుతుంది?

పిల్లలూ! కంప్యూటరుకు ఒక చిన్న కూడిక ఇద్దాం. పైథాన్ అనే భాషలో ఒక ప్రోగ్రాం రాసి, కీబోర్డు మీద ముందు 12 అనీ, తరువాత 5 అనీ టైపు చేశామనుకోండి. టైపు చేసినవాటిని ఉన్నవి ఉన్నట్టుగా కూడమంటే జవాబు 17 రాదు. 125 వస్తుంది! మరి కంప్యూటరుకు కూడికలు రావా? వస్తాయి. కాని మనం ఇచ్చినవి దాని దృష్టిలో సంఖ్యలే కావు.

మీట నొక్కినప్పుడు కంప్యూటరులోకి వెళ్ళేది ఆ గుర్తుకు కేటాయించిన కోడు మాత్రమే. ఆస్కీ అనే పట్టికలో 0 కోడు 48, 1 కోడు 49. ఇలా 9 కోడు 57 అవుతుంది. దశాంశ బిందువు కోడు 46. కనుక మనం 3.25 అని టైపు చేస్తే కంప్యూటరుకు అందేవి 51, 46, 50, 53 అనే నాలుగు కోడులు. దండలో పూలలా వరసగా గుచ్చిన ఇలాంటి గుర్తులను 'స్ట్రింగ్' అంటారు. రెండు దండలు కలిపితే పొడవైన దండ అవుతుంది కదా! 12, 5 కలిసి 125 అయింది అందుకే.

మరి దండను సంఖ్యగా మార్చడం ఎలా? ప్రతి కోడులోంచి 48 తీసివేస్తే అసలు అంకె దొరుకుతుంది. 51 లోంచి 48 పోతే 3. కొత్త అంకె వచ్చినప్పుడల్లా పాత ఫలితాన్ని 10తో గుణించి, ఆ అంకెను కలపాలి. 3 తరువాత 32, ఆ తరువాత 325. బిందువుకు కుడివైపున రెండు అంకెలున్నాయి కాబట్టి 100తో భాగిస్తే 3.25 వచ్చేసింది!

అంకె కాని గుర్తు ఎదురైతేనే చిక్కు. సి భాషలో ఇలా చదివే ఆదేశానికి 1,50,000 అని కామాలతో ఇస్తే, సాధారణంగా అది మొదటి కామా దగ్గరే ఆగి 1 అని చెబుతుంది. లక్షన్నర కాస్తా ఒకటి అయిపోయిందన్నమాట!

ఇంకో చిక్కు కంటికి కనబడదు. కంప్యూటరు సంఖ్యలను సాధారణంగా 0, 1 అనే రెండు అంకెలతోనే దాచుకుంటుంది. అక్కడ బిందువు తరువాతి స్థానాల విలువలు సగం, పావు, అరపావు ఇలా సగం సగంగా తగ్గుతాయి. 3.25 అంటే మూడుంపావు. అది సరిగ్గా ఇమిడిపోతుంది. కాని 0.1 ఇమడదు. 0.0001100110011... అంటూ అంతులేకుండా సాగుతుంది. మనం 1ని 3తో భాగించినప్పుడు 0.333... వస్తుంది చూడండి, అలాగే. ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు. ఆ తెంచిన చోట చిన్న తేడా మిగిలిపోతుంది.

"అంత చిన్న తేడాతో ఏం కొంపలు మునుగుతాయి?" అంటారా? ఈ సంఘటన వినండి. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ వద్ద అమెరికా సైన్యం పేట్రియాట్ క్షిపణులను ఉంచింది. శత్రువుల క్షిపణులను ఆకాశంలోనే అడ్డుకోవడం వాటి పని. వాటి కంప్యూటరు కాలాన్ని సెకనులో పదోవంతుల చొప్పున లెక్కపెట్టి, ఆ లెక్కను 0.1తో గుణించేది. ఆ 0.1ని 24 బిట్ల దగ్గర తెంచారు. తేడా సుమారు 0.000000095 మాత్రమే. కాని ఆ యంత్రం ఆపకుండా దాదాపు 100 గంటలు పనిచేసింది. 100 గంటలంటే 36 లక్షల పదోవంతులు. గుణించి చూడండి. సుమారు 0.34 సెకను!

ఆ కాస్త సమయంలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. ఫిబ్రవరి 25న కంప్యూటరు దానికోసం ఆకాశంలో వేరే చోట వెతికింది. స్కడ్ సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. సరిదిద్దిన ప్రోగ్రాం ధహ్రాన్ చేరింది ఆ మర్నాడు!

అందుకే డబ్బు లెక్కలు రాసే ప్రోగ్రామర్లు జాగ్రత్తపడతారు. రూపాయలను పైసలుగా మార్చి పూర్ణసంఖ్యలుగా దాచడం ఒక పద్ధతి. పైథాన్‌లో 'డెసిమల్' అనే మరో పద్ధతి ఉంది. టైపు చేసిన 0.1 దండను నేరుగా దానికి అందిస్తే పదుల లెక్కలోనే, ఏ తేడా లేకుండా దాచుకుంటుంది.

ఇప్పుడు మీకో పని. 0.75, 0.2, 0.375 — వీటిలో సగం, పావు, అరపావులతో సరిగ్గా కూర్చగలిగేవి ఏవి? కాగితం, పెన్సిలు తీసుకుని తేల్చండి చూద్దాం!