గీతకు పేరు పెడితే

మా పెర్మిలి వైపు పొలం కాగితాలు చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. సర్వే నంబరు ఎంత స్పష్టంగా ఉన్నా, తూర్పున వాగు, పడమట ఫలానావారి చేను, ఉత్తరాన బండ్లబాట అని చెక్కుబందీ వ్రాయించుకోనిదే కొనేవానికి నిద్ర పట్టదు. నంబరు మారవచ్చును, గట్టు మారదు గదా! (వానాకాలంలో వాగు ఒడ్డు కోసుకుపోతే అది వేరే తగాదా.)

ఇంటర్నెట్టు పేజీలను అమర్చే సీఎస్సెస్ భాషలోనూ ఇటువంటి చెక్కుబందీ ఒకటి ఉన్నది. దాని పద్ధతి పేరు గ్రిడ్. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ దీనిని అందుకున్నవి. పేజీ మీద కంటికి కనబడని గీతలు నిలువుగాను అడ్డంగాను గీచి, ఏ వార్త ఏ గీత నుండి ఏ గీత వరకు ఉండాలో చెప్పడమే దీని పని. రెండు నిలువు వరుసలుంటే గీతలు మూడు. వాటిని 1, 2, 3 అని లెక్కించుకోవచ్చును.

మన సంగతి చూడండి. మరాఠీ బడిలో చదివిన మన పిల్లలు తెలుగు మాటాడుతారు గాని, చదవమంటే తడుముకుంటారు. అందుచేత సంఘం ప్రకటన ఏదైనా తెలుగు ఒక వరుసలో, మరాఠీ దాని ప్రక్క వరుసలో ఉంటేనే ఇంటిల్లిపాదికీ అందుతుంది. తెలుగు 1 నుండి 2 వరకు, మరాఠీ 2 నుండి 3 వరకు అని వ్రాసి ఊరుకున్నామనుకోండి. రేపెవరో ఎడమ ప్రక్కన తేదీలకొక సన్నని వరుస కావాలంటారు. అంతటితో లెక్కలన్నీ ఒక్కొక్కటి జరుగుతాయి. ఒకచోట దిద్దడం మరచితే తెలుగు వార్త పోయి తేదీల సందులో ఇరుక్కుంటుంది.

గీతకు పేరు పెడితే ఈ బాధ లేదు. చదరపు బ్రాకెట్లలో [తెలుగు-మొదలు] అని వ్రాస్తే చాలును. పేరు తెలుగు అక్షరాలలోనే ఉండవచ్చును, సీఎస్సెస్ ఒప్పుకుంటుంది. మాకు ఎక్కువ సంతోషం కలిగించినది ఇదే. ఒక గీతకు రెండు పేర్లైనా పెట్టవచ్చును. తెలుగు ముగిసే గీతే మరాఠీ మొదలయ్యే గీత, ఒకే గట్టు రెండు చేలకు హద్దయినట్లు. పేర్ల చివర స్టార్ట్, ఎండ్ అనే తోకలు తగిలిస్తే ఆ నడిమి జాగా తోకలేని పేరుతోనే పలుకుతుంది. ఆ తోకలు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి.

అసలు లాభం ఫోనులో తెలుస్తుంది. ఇరుకు తెర మీద రెండు వరుసలు పట్టవు. అప్పుడు చిన్న తెరకని వేరే కొలత వ్రాసి, ఒకే వరుసకు రెండు భాషల పేర్లూ పెడితే తెలుగు పైన, మరాఠీ క్రింద వచ్చి కూర్చుంటాయి. వార్తలలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. అందుకే గీతలకు ఎడమ, కుడి అని పేర్లు పెట్టడం మాకు నచ్చదు. ఫోనులో ఎడమ ఎక్కడున్నది?

ఒక్క ప్రమాదం ఉన్నది. మరాఠీ అనీ, మరాఠి అనీ మనం రెండు విధాలా వ్రాస్తాము. కంప్యూటరుకు అవి రెండు వేరు పేర్లు. తప్పు పేరు వ్రాస్తే అది తప్పని చెప్పదు సరిగదా, చివరి గీతకు అవతల లేని వరుసను కల్పించి వార్తను అక్కడికి తోసివేస్తుంది. వైద్య శిబిరం తేదీ అలా తెర అంచు దాటిపోతే చదివేవారెవరు? కనుక పేజీని బయటపెట్టే ముందు క్రోమ్‌లో ఉన్న పరిశీలన పనిముట్టు తెరచి, గీతల పేర్లు చూపమని నొక్కండి. ఏ గీత మీద ఏ పేరున్నదో పేజీ మీదనే కనబడుతుంది.