“స్టెప్స్” అని విజిల్ ఎందుకు పడింది? ట్రావెలింగ్ అసలు లెక్క ఇదీ

ఈ ఎపిసోడ్ బాస్కెట్‌బాల్ ఆడే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. తెనాలి అయినా, బాపట్ల అయినా, రేపల్లె అయినా గ్రౌండ్‌లో ఒక గొడవ మాత్రం కామన్. మనోడు బాల్ తీసుకుని దూసుకెళ్లి బాస్కెట్ వేస్తాడు. వెంటనే విజిల్. “స్టెప్స్!” ఆ పాయింట్లు రావు, బాల్ అవతలి టీమ్‌కి పోతుంది. “ఎన్‌బీఏలో అందరూ ఇట్టాగే వేస్తారు కదా సార్!” అని మనోడి వాదన. మరి ఎవరిది కరెక్ట్?

ముందు ఈ రూల్ ఎందుకు పుట్టిందో చూద్దాం. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆట మొదలుపెట్టినప్పుడు 13 రూల్స్ రాశాడు. బాల్ పట్టుకుని పరిగెత్తకూడదు అనేది వాటిలో ఒకటి. డ్రిబ్లింగ్ ఆ తర్వాత వచ్చింది. మన చెడుగుడులో కూత ఎట్టాగో ఇక్కడ డ్రిబుల్ అట్టాగ. కూత ఆగితే రైడర్ ఔట్. డ్రిబుల్ ఆపి నడిస్తే బాల్ పోయినట్టే.

ఇప్పుడు లెక్క. నిలబడి బాల్ పట్టుకున్నారు అనుకోండి. ఒక కాలు కదిపితే రెండోది పివట్, అంటే ఇరుసు. దాని చుట్టూ ఎంతైనా తిరగొచ్చు. కానీ డ్రిబుల్ మొదలుపెట్టాలంటే పివట్ కాలు లేవకముందే బాల్ చేతిలోంచి వదిలేయాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే! కాలు ముందు లేస్తుంది, బాల్ తర్వాత పడుతుంది.

పరిగెత్తుతూ పట్టుకుంటే లెక్క వేరు. మన దేశంలో నడిచేది ఫిబా రూల్స్. 2017 అక్టోబర్ నుంచి అందులో, బాల్ చేతికి చిక్కినప్పుడు నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. అది సున్నా. ఆ తర్వాత ఒకటి, రెండు. మూడోది పడేలోపు షాటో పాసో అయిపోవాలి. అందుకే రీల్స్‌లో మూడు అడుగుల్లా కనిపించేవి చాలావరకు సున్నా, ఒకటి, రెండే. అవి ఇక్కడా చెల్లుతాయి. నిలబడి కాలు ముందు లేపడం మాత్రం ఎన్‌బీఏ రూల్ ప్రకారం కూడా తప్పే. అక్కడ రిఫరీలు కొన్ని వదిలేస్తారనే విమర్శ ఎప్పటినుంచో ఉంది. వదిలేశారు అంటే అది రూల్ అయిపోయిందని కాదు.

డ్రిబ్లింగ్‌లోనూ రెండు తప్పులు గుర్తుపెట్టుకోండి. ఆపిన డ్రిబుల్ మళ్లీ మొదలుపెడితే డబుల్ డ్రిబుల్. అరచెయ్యి బాల్ కిందకి పెట్టి ఒక్క క్షణం మోసి మళ్లీ కొట్టినా వయొలేషనే.

మరి ఒక రిఫరీ స్ట్రిక్ట్‌గా, ఇంకొకరు వదిలేసినట్టు ఎందుకుంటారు? ఆట ఫ్లో, కామన్ సెన్స్, ఎవరికి లాభం కలిగిందనేది చూసి నిర్ణయించమని ఫిబా రూల్ బుక్కే చెబుతుంది. కాబట్టి కొంచెం తేడా ఉంటుంది. మనం అడగాల్సింది ఒక్కటే: రెండు టీమ్‌లకీ ఒకే కొలత.

సెలక్షన్ మ్యాచ్‌లో చివరి నిమిషంలో ఒక్క స్టెప్ మీ ఛాన్స్ తీసుకెళ్లిపోవచ్చు. అందుకే ఈ రోజే ఒక పని చేయండి. ఫ్రెండ్‌కి ఫోన్ ఇచ్చి మీ మొహం కాదు, కాళ్లు స్లో మోషన్‌లో తీయమనండి. సున్నా, ఒకటి, రెండు... మీరే లెక్కపెట్టుకోండి. రిఫరీతో వాదించేముందు ఆ వీడియో చూసుకోండి. మళ్లీ కలుద్దాం!