జీరో ఫ్లో అంటే సేఫ్ అని కాదు.. వెంకటాపురం ట్యాంకులో కదలిక ఆగినప్పుడు ఏం జరిగింది?

విశాఖపట్నం: 2020 మే 7. తెల్లవారుజామున సుమారు 3 గంటలు. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్.వెంకటాపురంలో జనం గాఢ నిద్రలో ఉన్నారు. పక్కనే ఉన్న ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో లాక్‌డౌన్ కారణంగా అప్పటికి నెలన్నరగా ఉత్పత్తి లేదు. అలా ఆగి ఉన్న ప్లాంటులోంచే స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

అసలు నడవని ఫ్యాక్టరీలో ప్రమాదం ఎలా జరుగుతుంది? దీనికి సమాధానం ఇంజినీర్లు 'జీరో ఫ్లో' అని పిలిచే పరిస్థితిలో ఉంది. అదేంటో సింపుల్‌గా చూద్దాం.

జీరో ఫ్లో అంటే ఏంటి?

పైపులో గానీ ట్యాంకులో గానీ ద్రవం ఉంటుంది, కానీ కదలదు. అంతే. మీ ఇంట్లో కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపు నిండా నీళ్లుంటాయి, ప్రవాహం మాత్రం సున్నా.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ప్రవాహం ఆగినా ప్రెజర్ ఆగదు. మేడ మీది ట్యాంకు కుళాయికి 10 మీటర్ల ఎత్తులో ఉంటే, కట్టేసిన కుళాయి దగ్గర నీటి బరువు వల్ల దాదాపు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. కుళాయి తిప్పితే ఆ ప్రెజర్ ఇంకా తగ్గుతుంది. అంటే గేజ్ మీద ప్రెజర్ కనిపిస్తోంది కదా అని లోపల ద్రవం పారుతున్నట్టు కాదు.

పంపుల్లోనూ ఇదే కథ. సెంట్రిఫ్యూగల్ పంపు తిరుగుతుండగా అవతలి వాల్వ్ మూసేస్తే గేజ్‌లో ప్రెజర్ బాగానే కనిపిస్తుంది. కానీ లోపలున్న కాస్త ద్రవమే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. మోటార్ ఇచ్చే శక్తి బయటికి పోయే దారి లేక వేడిగా మారుతుంది. కాసేపటికి సీల్ పాడవుతుంది, ద్రవం మరిగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే పెద్ద పంపులకు కొంత ద్రవాన్ని వెనక్కి పంపే మినిమమ్ ఫ్లో లైన్ పెడతారు.

ఒకే ట్యాంకు.. రెండు ఉష్ణోగ్రతలు

ఇప్పుడు గీజర్ సంగతి చూద్దాం. స్టోరేజ్ గీజర్‌లో చన్నీళ్లు కింది భాగంలోకి వెళ్తాయి. వేడినీళ్లు పైభాగం నుంచి బయటికొస్తాయి. వేడి నీళ్లు తేలిక కాబట్టి పైన తేలతాయి, చల్లవి కింద ఉంటాయి. ఎవరూ కలపకపోతే ఆ రెండు పొరలూ చాలాసేపు అలాగే ఉండిపోతాయి.

పొయ్యి మీద గిన్నెలో నీళ్లు అలా కాదు. అక్కడ వేడి కింద నుంచి వస్తుంది కాబట్టి నీళ్లు వాటంతటవే పైకీ కిందికీ తిరుగుతాయి. కానీ పైనుంచి ఎండ కొడుతూ, కింద మాత్రమే చల్లబరిస్తే? ఆ తిరుగుడు ఉండదు. పై పొర వేడి పైనే ఉండిపోతుంది. ట్యాంకు కింది భాగంలో పంపు నడుస్తున్నా సరే, పైభాగంలో ఫ్లో దాదాపు జీరో.

ఎం6 ట్యాంకులో జరిగింది ఇదే

ప్రమాదం జరిగిన ట్యాంకు పేరు ఎం6. అందులో అప్పుడు సుమారు 1,800 టన్నుల స్టైరీన్ ఉంది. ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకు ఇది. దీనికో చెడ్డ గుణం ఉంది. ఊరికే నిల్వ ఉంచినా తనలో తానే గొలుసులా కలిసిపోయి పాలిమర్‌గా గట్టిపడాలని చూస్తుంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది. ఒక కేజీ స్టైరీన్ పూర్తిగా పాలిమర్ అయితే వచ్చే వేడితో రెండు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు.

దీన్ని ఆపడానికి రెండు పనులు చేయాలి. ఒకటి, చల్లగా ఉంచాలి. రెండు, టీబీసీ అనే రసాయనాన్ని కొద్ది మోతాదులో కలపాలి. టీబీసీ పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కూడా కరిగి ఉండాలి. వేడి పెరిగేకొద్దీ టీబీసీ త్వరగా ఖర్చయిపోతుంది. కొత్తగా పోసినా, ద్రవం కదలకపోతే అది పై పొరలకు చేరదు. అంటే కదలిక ఆగితే చల్లదనం, మందు రెండూ అందవు.

రాష్ట్ర ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన హైపవర్ కమిటీ వేసింది. 2020 జులై 6న ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ముఖ్యమైనవి ఇవి:

- 2019 డిసెంబర్‌లో ఎం6 పైపింగ్‌లో చేసిన మార్పుతో ట్యాంకులో స్టైరీన్ తిరిగే తీరు దెబ్బతింది.
- ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు కింది భాగంలోనే ఉంది. మధ్యలో, పైన లేవు.
- చల్లబరిచే వ్యవస్థను రోజంతా నడపలేదు. సాయంత్రమయ్యాక ఆపేసేవారు.
- ప్లాంటులో సరిపడా టీబీసీ నిల్వ లేదు.
- ప్రమాద సమయంలో ఊరిని అప్రమత్తం చేసే సైరన్ మోగలేదు.

మీటర్ నార్మల్‌గానే చూపించింది.. మరి?

ఈ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్ ఇదే. కింద ఉన్న సెన్సర్ అబద్ధం చెప్పలేదు. అది ఉన్నచోట స్టైరీన్ నిజంగానే చల్లగా ఉంది. కానీ పై పొరల సంగతి దానికి తెలియదు. వేసవి ఎండకి పైన వేడెక్కడం, ఆ వేడికి పాలిమర్ తయారవడం, దాంతో ఇంకా వేడి పుట్టడం.. ఇదో చక్రం. రసాయన చర్యల్లో స్థూలంగా ఒక లెక్క చెబుతారు. ప్రతి 10 డిగ్రీలకూ వేగం దాదాపు రెట్టింపవుతుందని. స్టైరీన్ విషయంలో 65 డిగ్రీలు దాటితే ఇక ఆపడం చాలా కష్టం.

స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ రాత్రి ట్యాంకులో ఉష్ణోగ్రత ఆ స్థాయిని దాటింది. ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. గాలి కంటే మూడున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా నేలను అంటుకుని ఇళ్లలోకి పాకింది.

తర్వాత గుజరాత్ నుంచి విమానంలో టీబీసీ తెప్పించి వాడారు. మిగిలిన వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపేశారు.

విశాఖకి ఈ పాఠం ఎందుకు?

పోర్టు చుట్టూ ఆయిల్, కెమికల్ ట్యాంకులున్న సిటీ మనది. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్‌కి ఉత్పత్తి తగ్గించినా కూలింగ్ వాటర్ మాత్రం ఆపడానికి లేదు. అక్కడ నీటి ఫ్లో జీరో అయితే రాగి భాగాలు కాలిపోతాయి, నీళ్లు కొలిమిలోకి దిగితే పేలుడు ప్రమాదం. కరెంటు పోయినా నీళ్లు అందేలా ఎమర్జెన్సీ ఏర్పాట్లు ఉండేది అందుకే.

షట్‌డౌన్ అనగానే 'అన్నీ ఆఫ్, ఇక భయం లేదు' అనుకుంటాం. ప్రవాహం ఆగుతుంది గానీ వేడి, రసాయన చర్య ఆగవు. వాటిని మోసుకెళ్లి చల్లబరిచే కదలికే ఆగిపోతుంది. అందుకే ఆగి ఉన్న ప్లాంటులో తనిఖీకి వెళ్లే అధికారి గానీ, పక్క ఊరి నుంచి అడిగే జనం గానీ మీటర్ ఎంత చూపిస్తోందనే దగ్గరే ఆగిపోకూడదు. ఆ మీటర్ ట్యాంకులో ఎక్కడుంది, అది చూడని చోట ద్రవం కదులుతోందా లేదా అని కూడా అడగాలి.

వెంకటాపురంలో ఆ ప్రశ్నకు సమాధానం దొరికేసరికి 12 ప్రాణాలు పోయాయి.