మీకు తెలుసా? కమాండు రాసేది ఒక్కసారే!

లైనక్స్ కంప్యూటర్లో రోజువారీ చిల్లర పనులు చాలావరకు ఒక్క వరుస కమాండుతో తెమిలిపోతాయి. ఇక్కడ కమాండుల పేర్లు తెలుగు లిపిలో ఉన్నా, టెర్మినల్లో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. లైనక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

● పీడీఎఫ్‌లన్నీ ఒకటిగా

ఉద్యోగ దరఖాస్తుకు పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, కుల ధ్రువీకరణ పత్రం ఒకే పీడీఎఫ్‌లో అడిగారా? వాటిని ఏదో ఒక వెబ్‌సైటుకు అప్పగించనక్కర్లేదు. ‘పీడీఎఫ్‌యునైట్’ అని కొట్టి, ఫైళ్ల పేర్లు వరసగా రాసి, చివర కొత్త ఫైలుకు పేరిస్తే చాలు. నక్షత్రం గుర్తుతో అన్నిటినీ ఒకేసారి పిలిస్తే మాత్రం 10వ పేజీ 2వ పేజీకంటే ముందొస్తుంది. పేర్లలోని అంకెలను కంప్యూటరు విలువను బట్టి కాక అక్షరాల్లాగే పోలుస్తుంది మరి! 01, 02 అని పేర్లు పెడితే వరస తప్పదు.

● డిస్కును మింగుతున్నదేది?

‘డీయూ హైఫన్-ఎస్‌హెచ్ నక్షత్రం’, ఒక నిలువుగీత, ఆ తర్వాత ‘సార్ట్ హైఫన్-హెచ్’. ఇంతే! అక్కడున్న ఫైళ్లు, ఫోల్డర్లన్నీ సైజు వారీగా వరస కడతాయి. అన్నిటికంటే పెద్దది అడుగున ఉంటుంది. చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఒక కమాండు ఇచ్చిన ఫలితాన్ని ఇంకో కమాండుకు అందించే ఆ నిలువుగీతే పైప్. తోటలో నీళ్ల గొట్టాలు బిగించినట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టారు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో చేర్చారు.

● చెత్తబుట్టకు దారి వేరే

‘ఆర్‌ఎమ్’ కమాండుతో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు, నేరుగా పోతుంది. దాని బదులు ‘జీఐఓ ట్రాష్’ అని ఫైలు పేరు కొడితే చెత్తబుట్టలో ఉంటుంది. కావాలంటే మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు.

● తెలుగు పేరుకు 85 దాకా

లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 డిస్కుల్లో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగు అక్షరానికి మూడు కావాలి. గుణింతపు గుర్తుకూ మూడే. ‘తెలుగు’ అనే పేరులో మూడు అక్షరాలు, మూడు గుర్తులు కలిపి 18 బైట్లు. అంటే అక్షరాలూ గుర్తులూ కలిపి 85 దాటితే ఆ పేరు చెల్లదు.

● కుడి క్లిక్కులోనే కమాండు

ప్రతిసారీ టెర్మినల్ తెరవడం విసుగా? అయితే కమాండును ఫైల్ మేనేజర్‌కే నేర్పవచ్చు. హోమ్ ఫోల్డర్లో కంట్రోల్-హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. డాట్ లోకల్, అందులో షేర్, అందులో నాటిలస్, అందులో స్క్రిప్ట్స్ ఫోల్డర్లోకి వెళ్లండి. లైనక్స్ మింట్ సినమన్ వాడేవారికి నాటిలస్ బదులు నెమో ఉంటుంది.

ఉదాహరణకు ఫోటోల సైజు తగ్గించడానికి అక్కడ మూడు వరుసల టెక్స్ట్ ఫైలు పెట్టండి. మొదటి వరుసలో హ్యాష్, ఆశ్చర్యార్థకం, స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్. రెండో వరుసలో ‘ఎమ్‌కేడిర్ హైఫన్-పి స్మాల్’. మూడో వరుసలో ‘మోగ్రిఫై హైఫన్-పాత్ స్మాల్ హైఫన్-రీసైజ్ 50%’, చివర కొటేషన్ల మధ్య డాలర్, అట్ గుర్తులు. మనం ఎంచుకున్న ఫైళ్లన్నీ ఆ రెండు గుర్తుల చోటుకు వచ్చి చేరతాయి. ఫైలు ప్రాపర్టీస్‌లో ప్రోగ్రాముగా నడిచే అనుమతి ఇవ్వడం మరవకండి, లేకపోతే మెనూలో కనబడదు. మోగ్రిఫై ఇమేజ్‌మ్యాజిక్ ప్యాకేజీలోది, అది ముందే ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

ఇక ఫోటోలు ఎంచుకుని, కుడి క్లిక్కు కొట్టి, స్క్రిప్ట్స్‌లో దీన్ని నొక్కితే వెడల్పు, ఎత్తు సగానికి తగ్గిన నకళ్లు స్మాల్ ఫోల్డర్లో చేరతాయి. అసలు ఫోటోలు చెక్కుచెదరవు. ‘పాత్’ భాగం వదిలేశారో, మోగ్రిఫై అసలు వాటినే మార్చేస్తుంది!

స్క్రిప్టు ఫైలుకు ఏ పేరు పెడితే మెనూలో అదే కనిపిస్తుంది. ‘ఫోటోలు సగం చెయ్యి’ అని తెలుగులోనే పెట్టేయండి. టెర్మినల్ జోలికి వెళ్లనివారు కూడా ఇంట్లో ఎంచక్కా వాడుకుంటారు.