9.8 తర్వాతి అంకెలు

పదో తరగతి చదివినవాళ్లెవరిని అడిగినా గురుత్వ త్వరణం విలువ 9.8 అని ఠక్కున చెబుతారు. లెక్క తొందరగా తేలాలంటే 10 వేసుకోమని మాస్టార్లే అంటారు. పరీక్షకు అది చాలు. కానీ ఆ 8 దగ్గర ఆగకుండా తర్వాతి అంకెను, ఆ తర్వాతి అంకెను, అలా ఎనిమిదో దశాంశం దాకా కొలుస్తూ పోయినవాళ్లున్నారు. భూమి అచ్చమైన గోళం కాదని వాళ్లకు ముందుగా తెలిసింది అక్కడే. పంజాబు, హర్యానాల్లో భూగర్భ జలం ఎంత తరిగిపోయిందో లెక్క తేలిందీ ఆ దారిలోనే.

ముందు ఆ 9.8 సంగతి చూద్దాం. పైనుంచి వదిలిన రాయి వేగం, గాలి అడ్డు లేకపోతే, ప్రతి సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మొదటి సెకను చివర వేగం సెకనుకు 9.8 మీటర్లు, రెండో సెకను చివర 19.6, మూడో సెకను చివర 29.4. పడిన దూరం ఇంకా జోరుగా పెరుగుతుంది. ఒక సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లలో 19.6, మూడు సెకన్లలో 44.1. కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. పది మీటర్ల మేడ మీద నుంచి జారిన పూలకుండీ ఒకటిన్నర సెకనులోపే నేల తాకుతుంది. తాకే క్షణంలో దాని వేగం గంటకు 50 కిలోమీటర్లు.

ఇంత త్వరగా జరిగిపోయేదాన్ని సెకన్లు నమ్మకంగా చూపించే గడియారమే లేని రోజుల్లో ఎలా కొలవాలి? గెలీలియో ఉపాయం ఏమిటంటే, పడడాన్నే నెమ్మది చేయడం. పన్నెండు మూరల పొడవున్న చెక్క దూలానికి పై అంచున పొడవునా గాడి చెక్కించాడు. గాడి నున్నగా ఉండేందుకు లోపల తోలుకాగితం అంటించాడు. దూలాన్ని ఒక కొసన కాస్త ఎత్తి, గుండ్రంగా నునుపు పెట్టిన కంచు బంతిని అందులో దొర్లించాడు. కాలం కొలవడానికి పెద్ద తొట్టెడు నీళ్లు, దాని అడుగున సన్నటి గొట్టం. బంతి కదలగానే గొట్టం కింద గ్లాసు పట్టడం, బంతి చేరగానే తీసేయడం, పట్టిన నీటిని త్రాసులో తూయడం. నీటి బరువే కాలం. ఇలా వందసార్లు చేసి చూశామని 1638లో లేడెన్‌లో అచ్చయిన తన ఆఖరి పుస్తకంలో రాసుకున్నాడు. వాలు ఎంతైనా సరే, సమాన కాలాల్లో బంతి వెళ్లిన దూరాలు 1, 3, 5, 7 చొప్పునే వచ్చాయి. వాటిని వరుసగా కూడితే 1, 4, 9, 16. కాలపు వర్గానికి తగ్గట్టే దూరం పెరుగుతోందన్నమాట. పీసా గోపురం మీద నుంచి గుండ్లు వదిలిన కథ ఆయన శిష్యుడు వివియాని రాసిన జీవితచరిత్రలోది. గెలీలియో తన పుస్తకాల్లో ఆ మాట ఎత్తలేదు. నన్నడిగితే పిల్లలకు గోపురం కథకన్నా ముందు ఈ దూలం కథ చెప్పాలి. చేతిలో ఉన్న సాధనానికి అందని ప్రశ్నను అందేలా మలుచుకోవడమెలాగో అందులో ఉంది.

బరువైనదీ తేలికైనదీ ఒకే త్వరణంతో ఎందుకు పడతాయి? పది రెట్ల ద్రవ్యరాశి ఉన్న రాయిని భూమి పది రెట్ల బలంతో లాగుతుంది, నిజమే. కానీ దాన్ని కదిలించడానికీ పది రెట్ల బలం కావాలి. రెండూ సరిగ్గా సరిపోతాయి. 1971 ఆగస్టులో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేల తాకాయి. ఫ్రాన్సు వాళ్లు పంపిన మైక్రోస్కోప్ అనే ఉపగ్రహం టైటానియం, ప్లాటినం దిమ్మెలతో ఇదే పరీక్ష అంతరిక్షంలో చేసింది. 2022లో వచ్చిన తుది ఫలితాల్లో కోటి కోట్లలో ఒక వంతు తేడా కూడా కనబడలేదు.

గాలి చేసే సాయాన్ని మాత్రం తక్కువగా చూడకూడదు. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే వాన చినుకు నిజంగా స్వేచ్ఛగా పడితే గంటకు 700 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నెత్తిన తగిలేది. గాలి అడ్డుపడబట్టి పెద్ద చినుకు వేగం కూడా గంటకు ముప్పై కిలోమీటర్లు కాస్త దాటి అక్కడే ఆగిపోతుంది.

ఇక దశాంశాల దగ్గరికి వద్దాం. 1672లో పారిస్ అకాడమీ జాన్ రిషే అనే ఖగోళ శాస్త్రజ్ఞుణ్ణి దక్షిణ అమెరికాలోని కయేన్‌కు పంపింది. అంగారకుణ్ణి పరిశీలించడం ఆయన పని. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల దూరంలోనే ఉన్న ఊరది. పారిస్‌లో సరిచేసి తెచ్చుకున్న లోలకం గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడసాగింది. ఎండకు లోలకం కడ్డీ సాగి ఉంటుందని ఎవరికైనా ముందు తోచే మాట. కానీ అంత తేడా రావాలంటే ఆ కాస్త వేడి ఏమాత్రం చాలదు. రిషే నెలల తరబడి నక్షత్రాలతో సరిచూసుకుంటూ, గడియారం సరిగ్గా నడవాలంటే లోలకాన్ని దాదాపు 3 మిల్లీమీటర్లు పొట్టి చేయాలని తేల్చాడు. లోలకం ఊగే కాలం దాని పొడవు మీద, గురుత్వ త్వరణం మీద ఆధారపడి ఉంటుంది. పొడవు మారలేదంటే మారింది గురుత్వమే.

అప్పటికి హైగెన్స్ అనే శాస్త్రజ్ఞుడికి మంచి ఆలోచన ఒకటుండేది. ఒక్కో వైపు ఊపుకు సరిగ్గా ఒక సెకను పట్టే లోలకం పొడవు 99.4 సెంటీమీటర్లు, దాన్నే ప్రపంచమంతటికీ కొలబద్దగా పెట్టుకుంటే సరిపోతుందని. రిషే గడియారం దానికి అడ్డం పడింది. ఊరూరికీ మారే కొలబద్ద దేనికి పనికొస్తుంది? న్యూటన్ మాత్రం 1687లో ఆ రెండున్నర నిమిషాలను సాక్ష్యంగా తీసుకున్నాడు. తిరిగే భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది, అక్కడున్నవాళ్లు కేంద్రానికి ఎక్కువ దూరంలో ఉంటారు, పైగా భ్రమణం వల్ల కొంత లాగుడు తగ్గుతుంది అని వాదించాడు. ఆయన మాటే నిలిచింది. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గరకన్నా 21 కిలోమీటర్లు ఎక్కువ. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ మీద 9.780, ధ్రువాల దగ్గర 9.832.

మన ఊళ్ల సంగతీ చూద్దాం. విశాఖపట్నం, హైదరాబాద్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. కానీ హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. లెక్క వేస్తే విశాఖలో సుమారు 9.785, హైదరాబాద్‌లో సుమారు 9.783 వస్తుంది. విశాఖలో సరిగ్గా నడిచే లోలకం గడియారం హైదరాబాద్‌కు తెస్తే రోజుకు ఏడెనిమిది సెకన్లు వెనకబడుతుంది. ఎలక్ట్రానిక్ కాటా కొలిచేది బలాన్ని కాబట్టి, విశాఖలో సరిచేసిన కాటా మీద హైదరాబాద్‌లో కిలో బంగారం పెడితే దాదాపు 0.17 గ్రాములు తక్కువ చూపిస్తుంది. అందుకే కచ్చితమైన కాటాలను పెట్టిన చోటే సరిచేయాలి. రెండు పళ్లేల త్రాసుకు ఈ చిక్కు లేదు. రాయికీ సరుకుకూ గురుత్వం ఒకేలా తగ్గుతుంది.

గురుత్వ త్వరణానికి విలువే కాదు, దిశ కూడా ఉంది. మేస్త్రీ గోడ నిలువు చూసుకోవడానికి వేలాడదీసే గుండు చూపించేది ఆ దిశనే. పక్కన పెద్ద కొండ ఉంటే అది గుండును కొంచెం తనవైపు లాక్కోవాలి. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దక్కను మీదుగా హిమాలయాల దిగువకు చేరాక సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. కల్యాణ్‌పూర్, కలియానా అనే రెండు చోట్ల మధ్య దూరం నేల మీద కొలిస్తే ఒకటి, నక్షత్రాల లెక్కన, అంటే గుండు చూపే నిలువును ఆధారం చేసుకుంటే, మరొకటి వచ్చింది. కోణంలో తేడా 5 ఆర్క్ సెకన్ల పైచిలుకు, అంటే నేల మీద 160 మీటర్లు. కలకత్తాలో ఉన్న జాన్ ప్రాట్ అనే క్రైస్తవ మతాధికారి 1855లో హిమాలయాల ద్రవ్యరాశి అంచనా వేసి, అవి గుండును ఎంత లాగాలో గుణించాడు. దాదాపు 16 ఆర్క్ సెకన్లు వచ్చింది. హిమాలయాలు ఉండాల్సిన దాంట్లో మూడో వంతే లాగుతున్నాయి!

అంత పెద్ద కొండల లాగుడు ఏమైపోయింది? అదే ఏడాది జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పాడు. కొండల కింద తేలికైన రాయి లోతుగా వేరులా దిగి ఉంది, నీటిలో మంచుగడ్డలా పర్వతం బరువైన పొర మీద తేలుతోంది. పైన ఎక్కువైన ద్రవ్యరాశిని కింద తక్కువైనది సరిపెడుతోంది. దీన్ని నేరుగా కొలిచి చూద్దామని కెప్టెన్ బసెవీ అనే సర్వే అధికారి 1865 నుంచి లోలకాలు మోసుకుంటూ దేశమంతా తిరిగాడు. ఒక్కో చోటా రోజుల తరబడి ఊపులు లెక్కించడమే పని. చివరికి లడఖ్ పీఠభూమి మీద, 4,600 మీటర్ల పైన కూడా కొలిచాడు. కాళ్ల కింద అంత కొండ ఉన్నా దాని లాగుడు లోలకంలో ఇంచుమించు కనబడలేదు. 1871లో ఆ చలిలోనే, పని మధ్యలోనే ఆయన చనిపోయాడు. హిమాలయాల వేళ్ల గురించి చదివేటప్పుడు ఆ పేరు కూడా తలుచుకోవడం న్యాయం.

లోలకాల కాలం పోయింది. నేడు గురుత్వాన్ని అత్యంత కచ్చితంగా కొలిచే పరికరాల్లో ఒకటి చేసే పని, వస్తువును వదలడం! గాలి తీసేసిన గొట్టంలో, వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే గాజు దిమ్మెను 20 సెంటీమీటర్లు పడనిస్తారు. అది పడే కాలం సెకనులో అయిదో వంతు. కింద నుంచి దాని మీద లేజర్ కిరణం పడుతుంది. తిరిగి వచ్చిన కిరణాన్ని అసలు కిరణంతో కలిపితే వెలుగు, చీకటి పట్టీలు పుడతాయి. ఎర్రటి లేజర్ తరంగం పొడవులో సగం దూరం దిమ్మె పడ్డప్పుడల్లా ఒక పట్టీ దాటుతుంది. ఆ కాస్త దూరంలో ఆరు లక్షల పైచిలుకు పట్టీలు. ఒక్కోటి ఎప్పుడు దాటిందో రుబీడియం పరమాణు గడియారం రాసుకుంటుంది. తర్వాత యంత్రం దిమ్మెను మెల్లగా పైకి చేర్చి మళ్లీ వదులుతుంది, వందలసార్లు. ఇలా ఎనిమిదో దశాంశం దాకా నమ్మకంగా చెప్పొచ్చు.

అంత దూరం వెళితే ఏం కనబడుతుంది? ఒక అంతస్తు ఎక్కితే విలువ 0.000009 తగ్గుతుంది. చంద్రుడు, సూర్యుడు నడినెత్తికొచ్చి వాలేలోపు ఆరో దశాంశం కదులుతుంది; సముద్రానికి పోటు తెచ్చేదీ ఆ లాగుడే. కాళ్ల కింద భూమిలో ఒక మీటరు మందాన నీరు చేరితే 0.0000004 పెరుగుతుంది. నీటిని కళ్లతో చూడకుండానే తూయవచ్చన్నమాట.

2002 మార్చిలో నాసా, జర్మనీ కలిసి పంపిన గ్రేస్ జంట ఉపగ్రహాలు ఈ తూనికను భూమి మొత్తానికీ చేశాయి. ఉపగ్రహం అంటే గురుత్వం లేని చోట తిరిగేది అనుకుంటారు చాలామంది. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా గురుత్వ త్వరణం 8.7 ఉంటుంది. వ్యోమగాములు తేలేది తామూ, తమ నౌకా కలిసి భూమి చుట్టూ ఎడతెగకుండా పడుతూ ఉండడం వల్లే. గ్రేస్ జంట కూడా అలా పడుతూనే, 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి వెళ్లేవి. కింద ద్రవ్యరాశి ఎక్కువున్న చోటికి వచ్చేసరికి ముందున్నది కొంచెం ముందే లాగబడి, ఎడం రవ్వంత పెరిగేది. వెంట్రుక మందం కన్నా చిన్నదైన ఆ మార్పును మైక్రోవేవ్ కిరణాలతో కొలిచారు. అలా చూస్తే రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ ప్రాంతంలో 2002 నుంచి 2008 దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని శాస్త్రజ్ఞుడు మాథ్యూ రోడెల్ బృందం 2009లో ప్రకటించింది. మన లెక్కలో దాదాపు 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ కట్టిననాటి పూర్తి నిల్వ 408 టీఎంసీలు.

అయితే అంతరిక్షం నుంచి చూసే ఈ చూపు వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని కలిపి మాత్రమే చూస్తుంది. ఒక జిల్లానో మండలాన్నో విడదీసి చెప్పలేదు. పైగా తెలంగాణ, రాయలసీమల గ్రానైటు నేలలో పగుళ్లలో మాత్రమే నీరుంటుంది. నూటికి రెండు మూడు పాళ్లే అనుకుంటే, నీటిమట్టం పది మీటర్లు పెరిగినా చేరిన నీటి మందం 20, 30 సెంటీమీటర్లే. గురుత్వ త్వరణంలో అది ఏడో దశాంశంలో ఒక్క అంకె. నేల మీద గురుత్వాన్ని కొలిచే గ్రావిమీటర్ పెట్టి దాన్ని పట్టుకోవచ్చు గానీ ఊరూరా తిప్పడం సాధ్యం కాదు. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల భూగర్భ జల శాఖలూ ఫీజోమీటర్ బోర్లు వేసి నీటిమట్టాన్ని నేరుగా కొలుస్తున్నాయి.