ఏడాదికో అంగీ

ఎదిగే పిల్లాడికి బట్ట కుట్టాలంటే వాణ్ని పక్కన నిలబెట్టుకోవాలి. భుజం కొలవాలి, చెయ్యి చాపమనాలి. హన్నాకు ఆ వీలు లేదు. తను రామాలో, కొడుకు షిలోహు మందిరంలో. ఏటేటా భర్త ఎల్కానాతో కలిసి బలి అర్పించడానికి వెళ్లినప్పుడు ఓ చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని బైబిల్లోని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. నిరుటి చూపును గుర్తుచేసుకుని, ఈ ఏడు ఎంత సాగి ఉంటాడో మనసులోనే కొలిచి ఉంటుంది. ప్రవక్త సమూయేలు బాల్యం అనగానే నాకు ముందుగా ఆ అంగీయే గుర్తొస్తుంది.

అడిగి అడిగి కన్న కొడుకతను. ఎల్కానా మరో భార్య పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. షిలోహు యాత్రకు వెళ్లిన ప్రతిసారీ సవతి దెప్పిపొడుపులతో ముద్ద దిగేది కాదు. ఒకసారి గుడి గుమ్మం దగ్గర పెదవులు కదులుతూ, గొంతు మాత్రం పెగలకుండా ప్రార్థిస్తున్న ఆమెను చూసి, తాగి ఉందనుకున్నాడు ముసలి యాజకుడు ఏలీ. బిడ్డ పుడితే నీకే ఇచ్చేస్తానని ఆమె దేవుడికి మొక్కుకుంది. పాలు మాన్పించగానే మొక్కు చెల్లించింది. ఆ నాటి తల్లులు మూడేళ్లు పాలిచ్చేవారనడానికి మక్కబీయుల రెండో గ్రంథంలో ఆనవాలుంది. అంటే, మాటలు పూర్తిగా రాని వయసు.

ఎలాంటి చోట వదిలిందో కూడా చూడాలి. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు యాజకులే. బలి మాంసం ఉడుకుతుంటే వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి గుచ్చి, పైకి వచ్చినంతా పట్టుకుపోయేవాడు. గుమ్మం దగ్గర సేవ చేసే స్త్రీలనూ ఆ అన్నదమ్ములు వదల్లేదు. కన్న కొడుకుల్ని అదుపు చేయలేని ఆ ముసలాయన చేతుల్లోనే ఈ పిల్లాడు పెరిగాడు.

ఇక పిలుపు వినబడిన ఆ రాత్రి. చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ 18వ శతాబ్దంలో గీసిన బాల సమూయేలు మోకరించి పైకి చూస్తుంటాడు. గ్రంథంలోని పిల్లాడు అలా లేడు. దీపం ఇంకా ఆరకముందు, నిద్రలో తన పేరు వినబడి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. పిలవలేదు, పడుకో అన్నాడాయన. మూడుసార్లు అదే పరుగు. చూపు మందగించిన ఆ వృద్ధుడికే చివరికి అర్థమైంది, పిలుస్తున్నది దేవుడని. అప్పటికి పిల్లాడికి పన్నెండేళ్లని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

వినబడిన మాట ఏమిటి? ఏలీ ఇంటి వినాశనం. పెంచిన మనిషికి వ్యతిరేకంగా వచ్చిన తీర్పు, ఒక పిల్లాడి మొదటి ప్రవచనం. తెల్లారేదాకా అలాగే పడుకుని, లేచి రోజూలాగే మందిరం తలుపులు తీశాడు. ఆ తలుపులు తీసే క్షణం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. చెప్పడానికి భయపడ్డాడు. ఏదీ దాచొద్దని ఏలీయే ఒట్టు పెట్టి చెప్పించుకున్నాడు. విని, ఆయన దేవుడు, తనకు నచ్చింది చేయనీ అన్నాడు. కొడుకుల విషయంలో ఓడిన ఆ తండ్రి ఈ పిల్లాడికి మాత్రం నిజం చెప్పడం నేర్పాడు.

తర్వాత ఫిలిష్తీయులతో యుద్ధంలో ఒకేరోజు ఇద్దరు కొడుకులూ పోయారు, దేవుని మందసం శత్రువుల చేతికి చిక్కింది. ఆ కబురు విని తొంభై ఎనిమిదేళ్ల ఏలీ పీఠం మీంచి వెనక్కి పడి మెడ విరిగి చనిపోయాడు. యెరూషలేముకు ఉత్తరాన షిలోహు శిథిలాల్లో 1981 నుంచి 1984 దాకా తవ్విన ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్ బృందానికి, క్రీస్తుపూర్వం 11వ శతాబ్దంలో మంటల్లో కూలిన కట్టడాలు, వాటిలో నిల్వ జాడీలు కనిపించాయి.

హన్నా కుట్టిన అంగీని హెబ్రీలో మెయీల్ అంటారు. అనువాదాల్లో మాట మారిపోవచ్చు గానీ మూలంలో అది మళ్లీ మళ్లీ వస్తుంది. తిరస్కృతుడైన సౌలు రాజు వెళ్లిపోతున్న సమూయేలును ఆపబోయి పట్టుకుంటే చిరిగింది మెయీల్ చెంగే. సమూయేలు చనిపోయాక, ఏన్దోరులో కర్ణపిశాచిగల స్త్రీకి కనిపించిన ముసలివాడు కప్పుకున్నదీ మెయీలే. ఆ మాట వినగానే సౌలు ఆయన్ని గుర్తుపట్టాడు.